మల్లేశ్ మింగిన మాత్రలు

2022 వేసవి. పాతబస్తీలో ఒక ప్రభుత్వ ఆసుపత్రి వెనకవైపు రెండు గదుల్లో మా టీబీ కేంద్రం నడిచేది. ముందు గదిలో కఫం డబ్బాలు తీసుకునే బల్ల, వెనక గదిలో మందుల అల్మారాలు, వాటి మధ్య నేను. రోగుల బెంచీలు మాత్రం గాలి ఆడుతుందని ఎప్పుడూ ఆరుబయటే వేసేవాళ్లం. నేను అక్కడ ఫార్మసిస్టుని. నాన్నగారి ఉద్యోగం కోసం గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం మాది. సంతోష్‌నగర్‌లో పెరిగాను, అక్కడినుంచే రోజూ డ్యూటీకి వచ్చేదాన్ని. అప్పటికి పద్నాలుగేళ్ల సర్వీసు. ఎవరు మాత్రలు మింగుతున్నారో, ఎవరు ఎగ్గొడుతున్నారో ముఖం చూసి చెప్పగలనని నాకు కాస్త గర్వం ఉండేది. ఆ గర్వం పోయిన కేసు ఇది.

మల్లేశ్ సిటీ బస్సు కండక్టరు. నలభై దాటాయి. రెండు నెలల దగ్గు, సాయంత్రం జ్వరం, బెల్టుకు కొత్తగా రెండు చిల్లులు పొడుచుకోవాల్సినంత చిక్కిపోవడం. కఫంలో టీబీ క్రిములు నిండుగా ఉన్నాయి. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒక కేవిటీ, అంటే క్రిములు తిని చేసిన గుంత. అంత క్రిమి బలం ఉన్న మనిషి జనం మధ్య నిలబడి పనిచేయకూడదు కాబట్టి డ్యూటీ ఆగిపోయింది. కఫం నెగటివ్ వచ్చి డాక్టరు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చేదాకా బస్సెక్కడానికి లేదు. ఇంట్లో ఇద్దరు పిల్లలు. వాళ్లకు పరీక్షలు చేయించాం, టీబీ లేదు. కానీ ఉన్నది ఒకటే గది కావడంతో మల్లేశే పట్టుబట్టి వాళ్లను ఉప్పల్‌లో ఉండే వదిన ఇంటికి పంపాడు.

మొదటిరోజు భార్య సుజాత కూడా వచ్చింది. ఆమె ఒక ప్రైవేటు బడిలో ఆయా. నేను మందుల పట్టీలు చూపిస్తూ చెప్పాను. ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిసి ఉంటాయి: ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఎథాంబ్యుటాల్. ఆయన బరువుకు రోజూ పొద్దున నాలుగు మాత్రలు. మొదటి రెండు నెలలు ఇవి, ఆ తర్వాత నాలుగు నెలలు మూడు మందులవి.

"ఆర్నెల్లు ఒక్కరోజు గూడ తప్పనియ్య మేడం," అంది సుజాత. "నేనే నిలబడి మింగిపిస్త."

వారం తిరక్కుండా మల్లేశ్ మళ్లీ వచ్చాడు. మాత్రలు వేసుకుంటే కడుపులో తిప్పుతోందన్నాడు. ఆ రోజు బెంచీల నిండా జనం. పరగడుపున వేసుకోవాలన్నది నియమం. మరీ ఇబ్బందైతే రెండు బిస్కెట్లో ఒక అరటిపండో తినమనాలి. నేను మాత్రం తల ఎత్తకుండానే, "కడుపు నిండా తిని వేసుకోండి, సర్దుకుంటుంది," అన్నాను. ఆ మాట అన్న సంగతి నాకు సాయంత్రానికే గుర్తులేదు. వాళ్లకు గుర్తుంది.

రెండు నెలలయ్యాక కఫం మళ్లీ పరీక్షించాం. పాజిటివ్. మొదటిసారి ఎంత నిండుగా కనిపించాయో దాదాపు అంతే.

ఇలా వచ్చినప్పుడు మేం మొదట అనుమానించేది క్రిమిని. అది మందులను తట్టుకునే రకమేమో చూడాలి. లైన్ ప్రోబ్ ఎస్సే అనే పరీక్ష క్రిమి జన్యువుల్లో అలాంటి మార్పులున్నాయేమో చెబుతుంది. పంపాం. రిపోర్టు వచ్చింది. ఏ మార్పూ లేదు. ఐసోనియాజిడ్‌కూ, రిఫాంపిసిన్‌కూ లొంగే మామూలు క్రిమి.

మా కేంద్రంలో హెల్త్ విజిటర్ యూసుఫ్ భాయ్. ఇంటింటికీ తిరిగి రోగుల బాగోగులు చూసేది ఆయనే. ధూల్‌పేట్ గల్లీల నుంచి సంతోష్‌నగర్ దాకా ఆయన బండి తిరగని సందు లేదు. రిపోర్టు ఒకసారి చూసి నా బల్ల మీద పెట్టాడు.

"దవా మంచిదే, క్రిమి గూడ మామూలుదే. ఇగ మిగిలింది ఎవరు మేడం? ఆద్మీ. తింటలేడు. మోరీల పారేస్తుండు. ఇరవై ఏండ్ల సంది జూస్తున్న నేను."

నాకూ అదే అనిపించింది. ట్రీట్‌మెంట్ కార్డు మీద "సక్రమంగా వాడటం లేదు" అని రాసి మల్లేశ్‌ను పిలిపించాను. ఇద్దరూ వచ్చారు.

"మల్లేశ్ గారూ, నిజం చెప్పండి. నేనేమీ అనను. రోజూ వేసుకుంటున్నారా?"

"ఏస్కుంటున్న మేడం."

"ఒక్కరోజు కూడా తప్పలేదా?"

"తప్పలేదు."

"మరి క్రిములు ఎందుకు తగ్గలేదు?"

ఆయన తల ఎత్తి నా కళ్లలోకి చూశాడు. తర్వాత మెల్లిగా అన్నాడు. "బస్సు నిండ జనం ఉన్నా, ఎవడు టికెట్ తియ్యలేదో మొఖం జూస్తె ఎర్కైతది నాకు. మీరు గిప్పుడు నన్ను గట్లనె జూస్తున్నరు."

నేను కార్డు మూసి పక్కన పెట్టాను. సుజాత మాత్రం మా ఇద్దరి ముఖాల వంకా మార్చి మార్చి చూసింది. ఆమె కళ్లలో ఏదో కదలడం నేను గమనించాను. నా మాట ఆమెలో పనిచేస్తోందని లోపల కాస్త తృప్తి కూడా పడ్డాను. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉన్నా అది నిజం.

మరుసటి రోజు నుంచి మా కళ్లముందే మింగాలని చెప్పాం. మల్లేశ్ ఎదురు చెప్పలేదు. రోజూ పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చేవాడు. ముఖానికి మాస్కు, చేతిలో ఇంటినుంచి తెచ్చుకున్న నీళ్ల సీసా. మాత్రలు నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, చెప్పకుండానే నోరు తెరిచి చూపించేవాడు. నాలుక పైకెత్తేవాడు. అడగనిదే ఇలా ఎందుకు చేస్తున్నాడని మూడో వారంలో ఒకరోజు అడిగాను.

"అలవాటైంది మేడం. ఇంట్ల గూడ అయితారం అయితారం గిట్లనె జూపిస్తున్న. సుజాత టార్చి ఏసి జూస్తది."

ఆదివారాలు మాకు సెలవు. ఆ ఒక్క రోజు మాత్రలు ఇంట్లో వేసుకునేవాడు. పదిహేనేళ్ల కాపురంలో భార్య మొదటిసారి మొగుడి నాలుక కింద వెతికింది. అందుకు కారణం నేను. కానీ ఆ క్షణంలో నాకు ఆ ఆలోచన రాలేదు. వేరే ఆలోచన వచ్చింది. అబద్ధం చెప్పే మనిషి ఇలా ఉండడే అని.

ఆ రోజే ఆయన్ను ఒక డబ్బాలో మూత్రం పట్టి ఇమ్మన్నాను. రిఫాంపిసిన్ ఒంట్లోకి వెళ్తే మూత్రం నారింజ ఎరుపులోకి తిరుగుతుంది. డబ్బా తెచ్చాడు. ముదురు నారింజ రంగు. ఆ రోజు మాత్రలు మా ముందే మింగాడు కాబట్టి అందులో వింత లేదు. అందుకే సోమవారం రాగానే, కేంద్రంలో మాత్రలు ఇవ్వకముందే మరో డబ్బా తీసుకున్నాను. ముందురోజు ఆదివారం. రంగు కాస్త పలచబడింది గానీ ఎరుపు ఎరుపే. ఇంట్లో కూడా మింగుతున్నాడు.

యూసుఫ్ భాయ్‌కు ఆ డబ్బా చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, కుర్చీలో కూర్చుండిపోయాడు. "యా అల్లా," అన్నాడు. "నేను వాళ్ల గల్లీల నలుగుర్ల ముంగట అడిగిన మేడం. 'మల్లేశ్ భాయ్, దవా ఫేంక్ దే రై క్యా, మందు పారేస్తున్నవా' అని."

నెల తిరిగింది. మా కళ్లముందు మింగిన నెల. కఫం మళ్లీ పాజిటివ్. చచ్చిన క్రిములు కూడా ఒక్కోసారి స్లైడు మీద కనిపిస్తాయి కాబట్టి, అవి బతికున్నాయో లేదో తేలడానికి కల్చర్‌కు పంపాం. కల్చర్ అంటే క్రిములకు ఆహారం పెట్టి పెరుగుతాయేమో చూడటం. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. పెరిగాయి. క్రిమి మందుకు లొంగేదే, మనిషి మందు మింగుతున్నాడు, అయినా క్రిమి బతికే ఉంది.

ఈలోగా మల్లేశ్ సెలవులన్నీ అయిపోయాయి. డిపో నుంచి ఎప్పుడొస్తావని కబురు మీద కబురు. పిల్లలు బడులు తెరిచాక కూడా ఉప్పల్‌లోనే ఉండిపోయారు. ఒకరోజు బెంచీ మీద కూర్చుని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "చిన్నోడు ఫోన్ల అడుగుతుండు మేడం, బాపు నీ దగ్గు ఎప్పుడు అయిపోతది అని. ఏం జెప్పాలె?"

మా మెడికల్ ఆఫీసరు ఆయన్ను పెద్ద ఛాతీ ఆసుపత్రికి పంపాలని నిర్ణయించారు. నేను సెలవు పెట్టి వెంట వెళ్లాను. ఎందుకు వెళ్లానో అప్పుడు నాకే స్పష్టంగా తెలియదు. అక్కడ డాక్టర్ శైలజ అనే ఛాతీ నిపుణురాలు చూశారు. కార్డు తిరగేశారు, ఎక్స్‌రేలు చూశారు. మాత్రలు మింగుతున్నావా అని మాత్రం అడగలేదు.

"పొద్దున ఎన్నింటికి లేస్తారు? లేచింది మొదలు మాత్రలు వేసుకునే దాకా ఏమేం తింటారు, తాగుతారు, వరసగా చెప్పండి," అన్నారు.

మల్లేశ్ చెప్పాడు. "ఆరిటికి లేస్త మేడం. సుజాత నెయ్యి ఏసి కిచిడి జేస్తది, రెండు గుడ్లు. బలం రావాలె గద. తిన్నంక కడుపుల మంట రాకుండ గులాబీ రంగు మందు తాగుత, మెడికల్ షాపోడు ఇచ్చిండు. ఇగ గోలీలు."

"తిన్నాక వేసుకోమని ఎవరు చెప్పారు?"

ఆయన నా వైపు చూడలేదు. "ఎవరో చెప్పిన్రు మేడం, యాదికి లేదు," అన్నాడు.

ఆయనకు గుర్తుంది. నాకూ అప్పుడే గుర్తొచ్చింది. "నేనే చెప్పాను డాక్టర్ గారూ," అన్నాను. "కడుపు నిండా తిని వేసుకోమన్నాను."

డాక్టర్ శైలజ నన్ను ఏమీ అనలేదు. నెయ్యి, గుడ్లతో నిండిన కడుపులోంచి ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండూ రక్తంలోకి తక్కువగా, ఆలస్యంగా వెళ్తాయని, ఆ గులాబీ మందులో ఉండే అల్యూమినియం ఐసోనియాజిడ్‌ను మరింత అడ్డుకుంటుందని మాత్రం చెప్పారు. అవన్నీ నేను చదువుకున్నవే.

"కానీ ఇది ఒక్కటే కారణమైతే ఇంత మొండిగా ఉండకూడదు," అన్నారామె. "రక్తంలో మందు ఎంత ఉందో చూద్దాం."

మరుసటి వారం పరగడుపున మాత్రలు వేయించి, రెండు గంటల తర్వాత ఒకసారి, ఆరు గంటల తర్వాత మరోసారి రక్తం తీశారు. ఫలితాలు వచ్చిన రోజు సుజాత కూడా వచ్చింది. రిఫాంపిసిన్ కాస్త తక్కువే గానీ ఫర్వాలేదు. ఐసోనియాజిడ్ రెండు గంటలకే ఉండాల్సినదానికంటే బాగా తక్కువ. ఆరు గంటలకు దాదాపు లేదు. దాని బదులు ఎసిటైల్ ఐసోనియాజిడ్ మాత్రం దండిగా ఉంది.

ఇక్కడ కొంచెం వివరించాలి. మనం మింగిన మందును శరీరం బయటి సరుకుగానే చూస్తుంది. కాలేయం దాన్ని మార్చి, బయటికి పంపేయడానికి అనువుగా చేస్తుంది. దీన్నే మెటబాలిజం అంటాం. ఐసోనియాజిడ్‌కు కాలేయం ఎసిటైల్ అనే చిన్న రసాయన ముక్కను తగిలిస్తుంది. ఆ ముక్క తగిలాక అది ఇక టీబీ క్రిమిని చంపలేదు. రిఫాంపిసిన్ అలా కాదు. శరీరం మార్చిన తర్వాత కూడా దానికి క్రిమిని కొట్టే శక్తి కొంత మిగులుతుంది. ఐసోనియాజిడ్‌కు మిగలదు. ఈ ముక్క తగిలించే వేగం అందరిలో ఒకటి కాదు. అది తల్లిదండ్రుల నుంచి వస్తుంది. కొందరిలో నిదానం. వాళ్లలో మందు ఎక్కువసేపు నిలుస్తుంది, అరికాళ్లలో తిమ్మిర్లు కూడా వస్తాయి. కొందరిలో చాలా వేగం. వాళ్లను ఫాస్ట్ ఎసిటైలేటర్లు అంటారు, మల్లేశ్ ఆ రకం. ఇంకో విచిత్రం ఉంది. మాత్రలో ఉన్న ఐసోనియాజిడ్ నేరుగా విషం కాదు. టీబీ క్రిమి లోపలికి వెళ్లాక ఆ క్రిమిలోని ఎంజైమే దాన్ని విషంగా మారుస్తుంది. అంటే క్రిమి దాన్ని చురుగ్గా చేసేలోపే మన కాలేయం దాన్ని మొద్దు చేస్తుంది.

డాక్టర్ శైలజ ఇదంతా మల్లేశ్‌కు తేలిక మాటల్లో చెప్పారు. ఆయన శ్రద్ధగా విన్నాడు.

"అంటె మందు బస్సెక్కుతుంది గని రెండో స్టాపుకే దిగిపోతుంది," అన్నాడు.

డాక్టరమ్మ నవ్వారు. "అంతే. మామూలుగా రోజూ వేసుకునేవాళ్లకు ఈ వేగం వల్ల పెద్ద ఇబ్బంది రాదు. మీకు ఊపిరితిత్తిలో పెద్ద గుంత ఉంది, క్రిములు ఎక్కువ, దానిమీద తిండి, గ్యాస్ మందు. అన్నీ ఒకేసారి కూడాయి. మీ తప్పు ఇందులో ఒక్కటీ లేదు."

సుజాత ఒక్కసారిగా ఏడ్చేసింది. చీర చెంగుతో ముఖం దాచుకుని, "నేను నోట్లె టార్చి ఏసి జూసిన మేడం," అంది డాక్టరమ్మతో. "నా మొగడు అబద్ధమాడుతుండని మా అక్కకు ఫోన్ల జెప్పిన."

మల్లేశ్ ఆమె భుజం మీద చెయ్యేశాడు. "ఫికర్ జెయ్యకు. నువ్వు జూసినవ్ కాబట్టే అందరు నమ్మిన్రు, నేను మింగుతున్న అని," అన్నాడు. అది నిజం కాదు. ఆమె చూసినందుకు ఎవరూ నమ్మలేదు. ఆమె కోసం అన్నాడు.

అప్పుడు నేను ఆయనకు క్షమాపణ చెప్పాను. వాక్యం సరిగా కుదరలేదు. తిన్నాక వేసుకోమన్నది నేనే, తర్వాత నమ్మనిది కూడా నేనే అని ఏదో అన్నాను. మల్లేశ్ ఇబ్బందిగా చెయ్యి ఊపి, "ఎంతమందినని జూస్తరు మేడం మీరు," అన్నాడు. ఆ మాటతో నాకు తేలిక కాలేదు. ఆ రోజు నేను చూడాల్సింది ఆ ఒక్క మనిషినే, చూడలేదు.

వైద్యం మారింది. మామూలు మాత్రలకు తోడు విడిగా ఐసోనియాజిడ్ కలిపారు. మోతాదు పెరిగితే నరాలకు, కాలేయానికి ముప్పు ఉంటుంది కాబట్టి రోజూ బి6 విటమిన్, తరచూ కాలేయ పరీక్ష. మాత్రలు పరగడుపునే. తిండి గంట తర్వాత. గులాబీ మందు బంద్. కడుపులో తిప్పితే ఏం చేయాలో ఈసారి నేను కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని చెప్పాను. కొద్ది వారాల తర్వాత మళ్లీ రక్తం తీస్తే మందు ఉండాల్సినంత ఉంది.

మొదట ఆకలి తిరిగొచ్చింది. తర్వాత సాయంత్రపు జ్వరం పోయింది. దసరా దాటిన వారానికి కఫం నెగటివ్. ఆ వెంటనే పంపిన కల్చర్ కూడా చివరికి నెగటివ్‌గానే తేలింది. యూసుఫ్ భాయ్ ఆ రిపోర్టు నాకు ఇవ్వకుండా జేబులో పెట్టుకుని నేరుగా మల్లేశ్ వాళ్ల గల్లీకి వెళ్లాడు. ఏం జరిగిందో తర్వాత మల్లేశే చెప్పాడు. "గల్లీల నిలబడి అందరిని పిలిచిండు మేడం. 'ఈ ఆద్మీ ఒక్క గోలి ఇడవలేదు, గల్తీ నాది' అని గట్టిగ చెప్పిండు. నాకే సిగ్గైంది."

ఫిట్‌నెస్ సర్టిఫికెట్ వచ్చిన మరుసటి ఆదివారం పిల్లలను ఉప్పల్ నుంచి తీసుకొచ్చారు. మందులు మొత్తం పది నెలలు వాడాల్సి వచ్చింది. ఆఖరి పట్టీ అయిపోయిన రోజు మల్లేశ్ డ్యూటీ బట్టల్లోనే వచ్చి, రెండు నిమిషాలు నిలబడి, బస్సు టైమైందని వెళ్లిపోయాడు. అలా హడావిడిగా వెళ్లిపోవడం నాకు చాలా బాగుంది.

ఈ కేసు తర్వాత నేను రోగులందరూ నిజమే చెబుతారని నమ్మడం మొదలుపెట్టలేదు. అలా అనుకుంటే ఈ ఉద్యోగం చేయలేం. అడిగే పద్ధతి మార్చుకున్నాను. మందు పనిచేయలేదంటే, అది నోటి నుంచి క్రిమి దాకా వెళ్లే దారిలో ఎక్కడ ఆగిందో వెతకాలి. కడుపులోనా, కాలేయంలోనా, క్రిమిలోనా, మా మాటలోనా. నోట్లోకే వెళ్లలేదేమో అన్నది కూడా అందులో ఒక ప్రశ్న. అంతేగానీ మొదటి ప్రశ్న కాదు.

మరుసటి ఏడాది గుడిమల్కాపూర్ మార్కెట్‌లో పూలు అమ్మే ఒకావిడ, పేరు అంజమ్మ, మందులు మొదలై రెండు నెలలైనా కఫం పాజిటివ్‌గానే ఉండి వచ్చింది. నేను ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, పొద్దున ఎన్నింటికి లేస్తావమ్మా, ఏం తింటావు, మాత్రలు ఎప్పుడు వేసుకుంటావు అని వరసగా అడిగాను. మూడు గంటలకే మార్కెట్‌కు పోతానని, ఛాయ్ తాగుతానని చెబుతూ చెబుతూ ఆమె ఆగింది. చేతులు ఒళ్లో పెట్టుకుని కాసేపు వాటినే చూసుకుంది.

"అమ్మా, తిడ్తరని జెప్పలే. గోలీలు తింటె నిలబడలేకపోతున్న. బేరం ఉన్న దినాల ఏస్కుంటలే," అంది.

నేను తిట్టలేదు. ఎన్ని రోజులు వదిలేసిందో ఆమే లెక్కపెట్టి చెప్పింది. ఆ పూటే నీరసానికి కారణం ఏమిటో చూడటం మొదలుపెట్టాం.